కోతి చేతిలో కొత్త మోడల్

పెళ్లి రోడ్డున పడటం అనే మాట మీరు విని ఉంటారు. నా పెళ్లి నిజంగానే పడింది. కోరుట్ల బస్టాండు చౌరస్తాలో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా పడింది. ఒక పక్క పొయ్యిల మీద అన్నం గంజులు, ఇంకో పక్క ఆగిపోయిన బస్సులు, నడుమ బంతిపూల దండ వేసుకున్న కొత్త కారు, దాని పక్కన తెల్లచొక్కాలో నేను. దీనికంతటికీ కారణం ఉద్యమమని కొందరు, కోతి అని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. పాపం, ఆ రెంటిదీ ఏ తప్పూ లేదు. తప్పంతా ఆ తెల్లచొక్కాలో ఉన్నవాడిదే. ఎట్లాగంటే చెబుతాను, నవ్వుకోండి. నేను నవ్వుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక కార్ల షోరూంలో సేల్స్‌మన్‌ని. మాది సిరిసిల్ల. మా నాన్న, మా మేనమామ రాజేశం, ఇద్దరూ మరమగ్గాలు నడిపేవాళ్లు. మగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లకు గట్టిగా మాట్లాడటం పుట్టుకతోనే వస్తుంది. ఆ గొంతు నేను షోరూంకు పట్టుకుపోయాను. ఎదురుగా కుర్చీలో కూర్చున్న గిరాకికి కూడా రోడ్డవతలి మనిషికి చెప్పినట్టు చెప్పేవాణ్ణి. బండి కొనడానికి వచ్చినవాళ్లు కొందరు నా గొంతు ఆగితే చాలని కొనేసేవాళ్లు.

మా షోరూంలో అందరి కళ్లూ ఒక బండి మీదే ఉండేవి. అది పూర్తిగా కారూ కాదు, పూర్తిగా జీపూ కాదు. పొడవులో చిన్నకారంత, ఎత్తులో జీపంత. కంపెనీవాళ్లు దానికి క్రాసోవర్ అని పేరు పెట్టారు. మా మామ మొదటిసారి చూసి, కారూ జీపూ లేచిపోయి పెళ్లి చేసుకుంటే పుట్టినట్టుందన్నాడు.

ఆ బండి ఏటేటా కొంచెం మారేది. మొదటి ఏడు వచ్చినదానికి వెనక అద్దం తుడిచే వైపర్ లేదు, పక్క అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. రెండో ఏడు వైపర్ పెట్టారు, మంచులో చూపు ఆనేందుకు కింద దీపాలు పెట్టారు, పైకప్పు మీద రెండు కడ్డీలు పెట్టారు. ఆ కడ్డీలు దేనికని ఎవరైనా అడిగితే నాకే తెలియదు గానీ, అరగంట చెప్పేవాణ్ణి. మూడో ఏడు సీట్లకు రెండు రంగులొచ్చాయి, వెనక్కి పోతుంటే కుయ్‌కుయ్‌మని అరవడం వచ్చింది. నాలుగో ఏడు వచ్చింది అసలుది. తాళంచెవి పెట్టి తిప్పే పనే లేదు. అది జేబులో ఉంటే చాలు, గుండీ నొక్కితే బండి మొదలవుతుంది. దూరంగా పోతున్న బండి వెనకదీపం చూసి అది ఏ ఏటిదో చెప్పగలిగేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి. అదే నా రోగం.

ఈ రోగం వల్లనే నాకు సంబంధాలు కుదరలేదు. మెట్‌పల్లిలో ఒక పెళ్లిచూపులకు పోతే, అమ్మాయి తరఫువాళ్లు మర్యాదకు ఏం పని చేస్తావు బాబూ అని అడిగారు. నేను మొదటి ఏటి మోడల్ దగ్గర మొదలుపెట్టాను. మూడో ఏటికి వచ్చేసరికి అమ్మాయి నానమ్మ గోడకు ఒరిగి నిద్రపోయింది. నాలుగో ఏటికి అమ్మాయి లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఆ తర్వాత ఇంకొకటి కూడా అట్లాగే పోయింది. వీడితో కారుకే తాళి కట్టిద్దామని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది.

అటువంటి రోజుల్లో కోరుట్ల సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు మంజుల, ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. తండ్రి గంగారాం సారు సర్కారు బడిలో టీచరు, మాట తప్పని మనిషని పేరు. ఫోటో చూశాను. ఎవరో చెప్పకూడని జోకు చెబితే నవ్వు ఆపుకుంటున్నట్టుంది ఆ మొఖం. ఆ రోజు నుంచి నాకు వెనకదీపాల మీద ధ్యాస తగ్గింది. నిజంగా చెబుతున్నాను, ఆ సంబంధం పోతే నేను తట్టుకోలేను అనిపించింది. మావైపు ముందు మేనమామ పోయి చూసి రావడం రివాజు. అతనికి నచ్చితేనే అమ్మానాన్నలు కదులుతారు. అందుకని మామ, అత్త, నేను, ముగ్గురం పోవాలని ఖాయమైంది.

మామ సరిగ్గా అప్పుడే కారు కొన్నాడు. కొన్నాడు అనడం కన్నా నేను కొనిపించాను అనడం న్యాయం. ఆయన పోయినేటి మోడలే తీసుకుంటానన్నాడు. నేను కాళ్లావేళ్లా పడి కొత్త మోడల్ వచ్చేదాకా ఆపాను. ఆ రోజు మామ ఒక ప్రశ్న అడిగాడు.

"ఏటేటా మారుస్తున్నరంటే పోయినేడు చేసింది సక్కగ లేదన్నట్టే గదరా?"

"అట్ల గాదు మామా, ఇంక మంచిగ చేస్తరు."

"నా మగ్గం నేను పెండ్లి గాకముందు కొన్న. ఇప్పటికీ గదే మోడలు. దానికి స్విచ్చున్నది, ఏస్తే నడుస్తది, తీస్తే ఆగుతది. గీ బండికి తాళంచెవి జేబుల ఉంటె నడుసుడేంది?"

"దొంగలు ఎత్కపోకుంట, మామా. తాళంచెవి దగ్గర లేకపోతే బండి పాణం పోయినా చాలుగాదు. స్టీరింగు సుత తిరగదు."

మామ గడ్డం గోక్కుని సరేనన్నాడు. పాపం, మేనల్లుడి మాట. బండి సిరిసిల్లకు చేరిన రోజే, ఇంకా నంబరు కూడా రాకముందే, ముందు ప్లేటు మీద టీజీ అని ఎర్రరంగుతో రాయించాడు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో మా దగ్గర ఏపీ అని రాసున్న బండి కనబడితే పిల్లలు కూడా గుర్రుగా చూసేవాళ్లు. రెండో తాళంచెవిని అత్త తీసుకుని బీరువాలో పట్టుచీరల కింద దాచింది. బీరువా తాళంచెవిని ఎప్పటిలాగే నడుముకు దోపుకుంది. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి.

పోయే రోజు పొద్దున్నే బయలుదేరాం. రుద్రంగి మీదుగా పోతే కోరుట్ల దగ్గర, కానీ కొత్త బండికి కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించకుండా శుభకార్యానికి ఎట్లా పోతామని అత్త పట్టుబట్టింది. బండి నేనే నడుపుతున్నాను, మామ ఇంకా నేర్చుకుంటున్నాడు. దారిలో అత్త నాకు ఒకే ఒక్క షరతు పెట్టింది.

"సీనూ, ఆళ్లింట్ల కారు ముచ్చట తీసినవంటె, నిన్ను ఆడనే ఇడిసిపెట్టి అస్తం."

తీయనని అంజన్న మీద ఒట్టు పెట్టాను. ఆ ఒట్టు సంగతి అంజన్న చూసుకున్నాడు.

కొండ మీద బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. పూజారి బొట్లు పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండి చాలు చేసి ఉంచమన్నాడు. గుండీ నొక్కి ఉంచాను. ఎండకు అత్త లోపల ఏసీలో కూర్చుంది. తాళంచెవి పూజారి చేతికిస్తే, ఆయన దాన్ని స్వామి పాదాలకు తాకించి, నూనెలో కలిపిన సిందూరం దానికి నిండా పూసి నా చేతిలో పెట్టాడు. అంజన్న సిందూరం ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అంటుకుంటే ఆ బట్ట ఇక ఆయనదే.

నేను వేసుకున్నది తెల్లచొక్కా. పెళ్లిచూపుల కోసం జగిత్యాలలో కొత్తగా కుట్టించి, రెండుసార్లు ఇస్త్రీ చేయించింది. ఆ జేబులో సిందూరం తాళంచెవి వేసుకోవడానికి మనసొప్పలేదు. ప్రసాదం ఇచ్చిన ప్లాస్టిక్ కవరు చేతిలో ఉంది, అందులో కొబ్బరిచిప్పలు, అరటిపండ్లు ఉన్నాయి. తెలివైనవాణ్ణి కదా, తాళంచెవి అందులో వేశాను. తర్వాత కవరు చేతికి తగిలించుకుని, దండ వేసుకున్న బండిని ఫోన్లో ఫోటో తీయబోయాను.

వెనకనుంచి ఒక కోతి వచ్చింది. నా చేతిలోని కవరు గుంజుకుని, గోడెక్కి, గోడ మీంచి చెట్టెక్కి, కొమ్మల్లోకి పోయింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు చూడండి, మా కోతికి కొబ్బరికాయతో పాటు కారు కూడా దొరికింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మరో సామెత. మాకు దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, నడుమ కోతి ఇవ్వలేదు.

కానీ ఇదంతా నేను తర్వాత ఆలోచించింది. ఆ క్షణాన అత్త అద్దం దించి రెండు చేతులూ జోడించింది. స్వామే స్వయంగా వచ్చి ప్రసాదం పట్టుకుపోయాడు, ఇంతకన్నా శుభం ఉండదంది. మామ జోడించాడు. నేనూ జోడించాను. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. గబగబా ఎక్కి, నిమ్మకాయలు తొక్కించి, కొండ దిగాను. పోయినేటి మోడలైతే తాళంచెవి లేకుండా అడుగు కదిలేది కాదు. గుండీ బండికి ఆ పట్టింపు లేదు. ఒకసారి మొదలైతే, తాళంచెవి కోతి దగ్గరున్నా కోటలో ఉన్నా ఆగమనేదాకా నడుస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే బండి నన్ను హెచ్చరించింది. కొద్దిసేపు టింగుటింగుమంది. ముందు ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. మామ వంగి చూశాడు.

"సీనూ, గా ఎర్రగ ఎలుగుతున్నదేంది? తాళంచెవి బొమ్మ లెక్కున్నది."

మామ కారు గురించి అడిగాడు. నేను తెలియదనడమా?

"గది ఈ ఏడు కొత్తగ పెట్టిన్రు మామా. తాళంచెవి భద్రంగ ఉన్నదని చెప్తది."

"భద్రంగ ఉంటె పచ్చగ ఎలగాలె గదరా? ఎర్రగేంది?"

"కంపెనీవాళ్లకు మనకంటె తెల్వదా?"

మామ వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. చదువుకున్న మేనల్లుడు, షోరూంలో పని, ఇంకేం అంటాడు?

జగిత్యాలలో మా షోరూం ముందు నుంచే పోయాం. నెమ్మది చేసి హారన్ కొట్టాను. తోటివాళ్లు బయటికొచ్చి చేతులూపారు. ఇక్కడ ఆపి చాయ్ తాగుదామని మామ అన్నాడు. ఆపి ఉంటే బండి అక్కడే ఆగిపోయేది, మెకానిక్కులు ఉండేవాళ్లు, ఈ కథ ఉండేది కాదు. చాయ్ అమ్మాయివాళ్లింట్లో తాగుదాం మామా అని నేను ముందుకు దూకించాను. ఆలస్యం చేయకూడదు కదా, గంగారాం సారు పదకొండింటికల్లా రమ్మన్నాడు.

కోరుట్ల చౌరస్తాకు చేరేసరికి రాస్తారోకో నడుస్తోంది. అప్పట్లో అది మాకు వానాకాలం వాన లాంటిది, ఉంటే ఉంటుంది, గొడుగు పట్టుకుని పోతాం. రోడ్డు నడుమ షామియానా, డప్పులు, పాటలు. ఒక పక్కన వంటావార్పు. ఇటుకల పొయ్యిల మీద అన్నం గంజులు, ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. పొయ్యిలకూ డివైడరుకూ నడుమ ఒక్క బండి పట్టే సందు మిగిలింది. దాని ముందు తలకు తువ్వాల చుట్టుకున్న ఒక సన్నటి మనిషి నిలబడి అందరినీ అదుపు చేస్తున్నాడు. మనిషి సన్నమే గానీ, గొంతు మాత్రం మా మగ్గాలను కూడా మింగేసేటట్టుంది.

ఇక్కడ నేను రెండు పనులు చేశాను. ఈ బండి ఎంత ఇరుకులోనైనా ఒక్క తిప్పులో తిరుగుతుందని రోజూ గిరాకీలకు చెప్పేవాణ్ణి. అది నలుగురి ముందు చూపించాలని ఆ సందులోకి వయ్యారంగా ఏటవాలుగా తిప్పి ఆపాను. ఇది మొదటిది. రాస్తారోకోలో ఒక కట్టుబాటుండేది. బండి ఆపి, ఇంజను బందు చేసి, దిగి జై తెలంగాణ అంటే, పెద్ద పనుల మీద పోయేవాళ్లకు దారి ఇచ్చేవాళ్లు. తువ్వాల ఆయన బందు చేయమని చేయి ఊపాడు. నేను చూపుడువేలు గాల్లోకి ఎత్తి, అందరూ చూశారని నిర్ధారించుకుని, గుండీ నొక్కాను. ఇది రెండోది.

దిగి ముగ్గురం జై తెలంగాణ అన్నాం. మామ అందరికన్నా గట్టిగా అన్నాడు. పెళ్లిచూపులకు పోతున్నామని తెలిసి తువ్వాల ఆయన మొఖం విప్పారింది. ఎట్లాగూ పదకొండింటికి రోడ్డు విడుస్తానని ఎస్సైకి మాటిచ్చాను, మీరే ముందు పోండి అన్నాడు. మీ చేతిమీదుగా తొవ్వ తెరుచుకుంటుంది అని కూడా అన్నాడు.

నేను ఎక్కి గుండీ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. టింగుమంది. ముందు అద్దం కింద తాళంచెవి కనబడటం లేదని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. జేబులు తడుముకున్నాను. చొక్కా జేబు మల్లెపువ్వులా తెల్లగా, ఖాళీగా ఉంది. అప్పుడు, ఆ తెల్లటి జేబులో వేళ్లు పెట్టుకుని, నాకు కొండ మీది చెట్టు, కొమ్మ, కవరు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

"మామా," అన్నాను, "తాళంచెవి అంజన్న దగ్గరున్నది."

మామ ఎర్రబొమ్మ వెలిగిన చోటు వైపు వేలు చూపించాడు. "భద్రంగనే ఉన్నదన్నట్టు," అన్నాడు.

నలుగురు వచ్చి బండి తోద్దామన్నారు. స్టీరింగు కొయ్యలా బిగుసుకుపోయింది. దొంగవాడు కూడా ఇంచు కదపలేడని నేనెన్నిసార్లు చెప్పి ఉంటాను. ఇప్పుడు పదిమంది పెద్దమనుషులు కూడా కదపలేకపోయారు. పొయ్యిలు జరుపుదామంటే అన్నం సగం ఉడికింది, గంజులు సలసలమంటున్నాయి. తాళం కూడా వేయలేం కాబట్టి అమ్మాయికి తెచ్చిన పండ్లూ పూలూ ఉన్న బండిని విడిచిపోలేక అత్త దాంట్లోనే కాపలా కూర్చుంది. ఇటు బస్సులు, అటు బస్సులు. కారులో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

కనీసం అమ్మాయివాళ్లకైనా కబురు పెడదామని మామ తువ్వాల ఆయన దగ్గరికి పోయి, ఇక్కడ గంగారాం సారు ఇల్లు ఎటువైపని అడిగాడు.

ఆయన తువ్వాల విప్పి మొఖం తుడుచుకున్నాడు. "నేనే గంగారాంను. రాజేశం బావ మీరేనా?"

మిగతాది నేను వినలేదు. నా చెవుల్లో టింగుటింగులు నిండిపోయాయి.

రెండో తాళంచెవి సిరిసిల్లలో బీరువాలో ఉంది. ఆ బీరువా తాళంచెవి ఇక్కడ అత్త నడుముకుంది. దాన్ని తన మొగుడికి తప్ప ఎవరికీ ఇవ్వనంది అత్త. బస్సులు నడవడం లేదు. చివరికి గంగారాం సారు తమ్ముడి మోటారు సైకిలు వెనక కూర్చుని మామ రుద్రంగి మీదుగా సిరిసిల్లకు పోవాలని తేలింది. కొత్త కారు యజమాని ఎండలో, తువ్వాల నెత్తికి చుట్టుకుని, ఇంకొకరి బండెక్కాడు. కదిలే ముందు నన్ను దగ్గరికి పిలిచాడు.

"పోయినేటి మోడలు గొందమన్న. ఇన్నవా?"

వినలేదని తల ఊపాను. అత్త కారు ముచ్చట తీస్తే నన్ను విడిచిపోతామంది. నేను తీయకుండానే మామ విడిచిపోయాడు.

అప్పుడు జరిగాయి నా పెళ్లిచూపులు. ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లలోంచి ఒకామె లేచి, చేతులు కడుక్కుని, బండిలో ఉడికిపోతున్న మా అత్తకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఫోటోలో ఆపుకున్న నవ్వే ఇప్పుడూ ఆపుకుంటోంది. మంజుల. పళ్లెంలో కాఫీలు, తలవంచుకుని కూర్చోవడాలు ఏమీ లేవు. అత్త పక్కన సీట్లో కూర్చుని, సంగతంతా అడిగి తెలుసుకుని, ముందున్న పెట్టె తెరిచి, బండితో వచ్చిన లావుపాటి పుస్తకం తీసింది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. గోటితో చింపి తిరగేసింది. నేను ఎండలో, కిటికీ పక్కన, పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాను.

"ఈ ఎర్ర తాళంచెవి బొమ్మ," అంది, "తాళంచెవి బండిల లేదని చెప్తదట. ఇంజను బందు చెయ్యకుండ్రి, ముందు తాళంచెవి ఎతుక్కోండ్రి అని రాసిన్రు. మీరు గిది సదువలేదా?"

"బ్రోషర్ సదివిన," అన్నాను. "నాలుగేండ్లయి. మొత్తం కంఠతా అస్తది."

"గిది?"

"గిది... గిరాకీలు అడుగరు."

బ్రోషర్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది, అంతా మంచే చెబుతుంది. ఈ లావు పుస్తకం అత్తగారి లాంటిది, ఏం చేయకూడదో అన్నీ చెబుతుంది, అందుకే ఎవరూ దగ్గరికి పోరు. ఈ మాటే ఆమెతో అన్నాను. అంటూనే మా అత్త ఎదురుగా ఉందని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. మంజుల ఇక ఆపుకోలేదు. పుస్తకంలో మొఖం దాచుకుని నవ్వింది. మెట్‌పల్లిలో నా మాటలకు ఒక నానమ్మ నిద్రపోయింది. కోరుట్లలో నా మాటకు ఒక అమ్మాయి నవ్వింది. నాకు ఆ ఎండ చల్లగా అనిపించింది.

అంతలో ఎస్సై వచ్చాడు. పదకొండు దాటి చాలాసేపయింది, దారి తెరుచుకోలేదు. ఆయనకు కనబడిందేమిటి? టీజీ అని రాసి, పూలదండ వేసి, ముస్తాబు చేసిన ఒక బండి సరిగ్గా ఉన్న ఒక్క సందులో అడ్డంగా ఉంది. ఇదంతా ముందే వేసుకున్న పథకం అనుకున్నాడు. నేను కోతి సంగతి చెప్పాను. కానిస్టేబుల్ నవ్వాడు గానీ ఎస్సై నవ్వలేదు. క్రేను తెప్పిస్తాను, బండీ స్టేషనుకే, మనిషీ స్టేషనుకే అన్నాడు. తర్వాత గంగారాం సారు వైపు తిరిగి, మాటిచ్చి ఇట్లా చేస్తారా సార్, ఈ పిలగాడు మీ మనిషేనా అని అడిగాడు.

డప్పులు ఆగాయి. గంగారాం సారుకు ఎంత ఇరకాటమో నాకర్థమైంది. మావాడే అంటే ఆయన మాట తప్పినట్టు. కాదంటే నేను స్టేషనుకు, పెళ్లిచూపులు మళ్లీ ఎప్పటికీ లేనట్టు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మంచి మనిషిని నలుగురిలో ఇట్లా నిలబెట్టాను కదా అని నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన బండిలో ఉన్న కూతురి వైపు చూశాడు.

మంజుల పుస్తకంలో ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని బయటికొచ్చింది. "నాయినా, బండి తప్పు లేదు, ఉద్యమం తప్పు లేదు. తప్పు ఈయనది. గని కావాలని చేసింది గాదు," అంది. చెప్పి తలవంచుకుంది.

గంగారాం సారు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు మగ్గాలను మింగేసేదని చెప్పాను కదా, చౌరస్తా అంతా వినబడింది.

"మనిషి మావోడే సార్. మా అల్లుడు. కని గిది నా పని గాదు, కోతి పని."

ఎస్సై నన్ను చూశాడు, సారు కూతురిని చూశాడు, దండ వేసుకున్న కారును చూశాడు. ఈసారి ఆయనా నవ్వాడు. అన్నం ఉడికేదాకా ఆగుతానన్నాడు.

మరి ఆ అన్నం ఆ రోజు కోరుట్లలో ఆగిన బస్సులన్నిటివాళ్లూ తిన్నారు. నాకు మంజుల వడ్డించింది. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి వెనకనుంచి ఎవరో కొత్తపెళ్లికొడుకా అని వీపు తట్టారు. పప్పుచారు చొక్కా మీద ఒలికింది. ఏ చొక్కాకు మరక కాకూడదని ఇంత పని చేశానో, ఆ చొక్కా పసుపుపచ్చగా మారింది. గంజులు దించి పొయ్యిలు జరిపాక బస్సులు కదిలాయి. పొద్దుగూకేసరికి మామ దుమ్ము కొట్టుకుని రెండో తాళంచెవితో తిరిగొచ్చాడు. సంబంధం ఏమైంది, తప్పిపోయిందా అని భయంభయంగా అత్తను అడిగాడు. చౌరస్తాలో ఖాయమైందని అత్త చెప్పింది. మామకు అర్థం కాలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తెలంగాణ వచ్చింది, నా పెళ్లీ అయింది. మామ ప్లేటు మీది టీజీని సర్కారువాళ్లు తీయించి టీఎస్ రాయించారు, చాలా ఏళ్లకు అది మళ్లీ టీజీ అయింది. ఏటేటా మోడల్ మార్చుడంటే ఇదేరా, నేను అప్పుడే టాప్ మోడల్ పెట్టిన అని మామ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

పెళ్లయిన కొత్తలో అందరం కలిసి కొండగట్టుకు పోయాం. ఈసారి నేను కాఫీరంగు చొక్కా వేసుకున్నాను. కొబ్బరికాయల దుకాణం ముందు మంజుల ఆగింది. నిమ్మకాయల దండల నడుమ ఒక మేకుకు నల్లగా ఏదో వేలాడుతోంది. దుకాణం అవ్వ చెప్పింది, చానా రోజుల కింద ఒక కోతి దాన్ని కొరికి చూసి, రుచి నచ్చక ఇక్కడ పారేసిందట, ఎవరన్నా వచ్చి అడుగుతారని తగిలించిందట. సిందూరం ఇంకా ఉంది. కోతి పంటిగాట్లు కూడా ఉన్నాయి. మంజుల దాన్ని చేతిలోకి తీసుకుని మీట నొక్కింది. కింద వరుసలో ఉన్న మా మామ కారు రెండు కళ్లూ టపటపా కొట్టింది.

నేను చేయి చాపాను. మామ నడుమ అడ్డొచ్చి, ఆ తాళంచెవిని మంజుల పిడికిట్లోనే మూశాడు.

"బిడ్డా, గిది నీ దగ్గరనే ఉంచు. కోతికిచ్చినా సరే, వీనికియ్యకు."

అంజన్న ఎదురుగా నిలబడి ఆ రోజు ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట తెల్లచొక్కాతో ఏ కొండా ఎక్కను. లావు పుస్తకం కవరు చింపకుండా ఏ బండి గురించీ నోరు తెరవను. కొబ్బరిచిప్పనూ తాళంచెవినీ ఒక్క కవరులో వేయను. ఆ ప్రతిజ్ఞ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే వీలు లేదనుకోండి. ఆ రోజు నుంచి మా ఇంట్లో బీరువాది గానీ బండిది గానీ, ఏ తాళంచెవీ నా చేతికి రాలేదు.